క్యాబినెట్‌లోకి గాలి యాడ నుంచి వస్తాది?

పోయినేడు మే నెలలో మధ్యాహ్నం రెండు దాటితే చాలు, నా కంప్యూటర్ పనిలో ఉండగానే టప్పున ఆగిపోయేది. కరెంటు ఉంది, యూపీఎస్ బాగుంది. సాయంత్రం ఆరు తర్వాత ఆన్ చేస్తే రాత్రి పన్నెండు దాకా ఏ పేచీ లేదు. మూడో రోజు స్క్రూలు విప్పి పక్క తలుపు తీశాను. ప్రాసెసర్ మీద ఉండి దాని వేడిని లాగే హీట్‌సింక్ రెక్కలు కనిపించలేదు. వాటి మీద ఎర్రగా, మెత్తగా ఏదో పరిచినట్టుంది. ఒక అంచును గోటితో లేపితే, కాలిన రొట్టె పెనాన్ని వదిలినట్టు ఒక్క ముక్కగా లేచి వచ్చింది. వేళ్ళ మధ్య నలిపి చూశాను. మా అనంతపురం ఎర్రమట్టి, వీధి చివర బండలు కోసే చోటి తెల్లపొడి, పరుపుల్లోంచి రాలిన దూది పోగులు, మూడూ కలిపి నేసినట్టుంది.

ప్రాసెసర్ మంచిదే, దాన్ని బిగించే మదర్‌బోర్డూ మంచిదే. ఆ రెండూ కొనేటప్పుడు నెల రోజులు ఆలోచించాను. వాటిని పెట్టే డబ్బాను మాత్రం అంగడాయన చూపించిన మూడింట్లో కంటికి నచ్చింది తీసుకున్నాను. దాని ముందు వైపంతా నున్నటి ప్లాస్టిక్ పలక. గాలి పోవడానికి కింద ఒక సన్న సందు, అంతే.

అందుకే జేఎన్‌టీయూలో చదివే మా అక్క కొడుకు ఈ ఏడు కొత్త కంప్యూటర్ కట్టించుకుంటానంటే, అంగడికి నేనూ పోయాను. వాడు నేరుగా ఒక గాజు డబ్బా ముందు ఆగాడు.

"మామా, ఇది చూడు. మూడు పక్కలా గాజే. లోపల ఆరు ఫ్యాన్లు, అన్నీ రంగులు మారుతాయంట."

"బాగుంది రా. గాలి యాడ నుంచి వస్తాది లోపలికి?"

వాడు డబ్బా చుట్టూ తిరిగాడు. వంగి కింద చూశాడు. చెప్పలేకపోయాడు. ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని ఆ అంగట్లో గంటన్నర గడిపాం. అక్కడ చూసినవీ, ఇన్నేళ్ళుగా నేను విప్పి బిగించి తెలుసుకున్నవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ముందు పేరు సంగతి. మన దగ్గర చాలామంది ఆ డబ్బా మొత్తాన్నీ 'సీపీయూ' అంటారు. అంగళ్ళలో 'క్యాబినెట్' అంటారు. సీపీయూ అంటే నిజానికి లోపలుండే ప్రాసెసర్ చిప్పు ఒక్కటే. డబ్బానే సీపీయూ అనుకున్నంత కాలం, డబ్బాకు విడిగా మంచీచెడ్డా ఉంటాయని తోచదు. ఏదిచ్చినా ఒకటే అనిపిస్తుంది. అది సరికాదు. క్యాబినెట్‌కు ముఖ్యమైన పనులు రెండు: భాగాలను కదలకుండా పట్టుకోవడం, వాటి వేడిని బయటికి పోనివ్వడం. మొదటి పని ఎంత చవక రేకు డబ్బా అయినా చేస్తుంది. మన ఎండలకు తేడా తెలిసేది రెండో దాంట్లోనే.

కంప్యూటర్ వాడుకునే కరెంటు దాదాపు అంతా చివరికి వేడిగానే మారుతుంది. గేములాడేటప్పుడో, వీడియో ఎడిట్ చేసేటప్పుడో 400 వాట్లు లాగే కంప్యూటర్ అంటే, 400 వాట్ల హీటర్‌ను డబ్బాలో పెట్టి తలుపు మూసినట్టే. ఆ వేడిని మోసుకుపోవాల్సింది గాలి. తుంగభద్ర ఎగువ కాలవ హెచ్చెల్సీలో నీళ్ళను సెకనుకు ఇన్ని ఘనపుటడుగులని క్యూసెక్కుల్లో చెప్తారు కదా, ఫ్యాన్ గాలిని నిమిషానికి ఇన్ని ఘనపుటడుగులని సీఎఫ్ఎంలో చెప్తారు. ఫ్యాన్ అట్టపెట్టె మీద ఈ అంకె ఉంటుంది.

ఇప్పుడొక చిన్న లెక్క. వాట్లను 1.76తో గుణించి సీఎఫ్ఎంతో భాగిస్తే, డబ్బాలోంచి బయటికొచ్చే గాలి గదిలో గాలికన్నా ఎన్ని డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటుందో తెలుస్తుంది. 400 వాట్లకు 40 సీఎఫ్ఎం గాలే ఆడితే 17.6 డిగ్రీలు. అదే 80 సీఎఫ్ఎం ఆడితే 8.8 డిగ్రీలు. గాలి రెట్టింపైతే పెరిగే వేడి సగమవుతుంది.

ఈ తొమ్మిది డిగ్రీల తేడా చల్లటి ఊళ్ళో పెద్ద విషయం కాదు. మన దగ్గర అదే ప్రాణం. మిద్దె మీద గదిలో మే నెల మూడు గంటలప్పుడు 40 డిగ్రీలు ఉంటుందనుకుందాం. గాలి ఆడని డబ్బాలో లోపలి గాలి దాదాపు 58కి చేరుతుంది. ప్రాసెసర్ మీద తిరిగే ఫ్యాన్ ఆ 58 డిగ్రీల గాలినే పీల్చి ప్రాసెసర్ మీద ఊదుతుంది. పనిలో ఉన్న ప్రాసెసర్ తన చుట్టూ ఉన్న గాలికన్నా 45 డిగ్రీలు వేడిగా ఉందనుకోండి, మొత్తం 103. ఇప్పటి ప్రాసెసర్లు చాలావరకు 95, 100 డిగ్రీల దగ్గర తమ వేగాన్ని తామే తగ్గించుకుంటాయి. అప్పటికీ వేడి తగ్గకపోతే యంత్రం ఆగిపోతుంది. గాలి బాగా ఆడే డబ్బాలో అదే లెక్క 94 దగ్గర నిలుస్తుంది. అదే ప్రాసెసర్, అదే గది, అదే పని. మారింది డబ్బా ఒక్కటే.

ఇక్కడే ఇంకో సంగతి. వీడియోల్లో క్యాబినెట్లను పరీక్షించే వాళ్ళు చాలావరకు 20, 25 డిగ్రీల ఏసీ గదుల్లో పరీక్షిస్తారు. "ప్రాసెసర్ 72 డిగ్రీలే" అని వాళ్ళు చెప్పే మాట మనకు పనికిరాదు. గది వేడి మీద ఎన్ని డిగ్రీలు పెరిగిందన్నదే చూడాలి. వాళ్ళ గది 22, ప్రాసెసర్ 72 అంటే పెరిగింది 50. మన 40 గదిలో అది దాదాపు 90. గాలితో చల్లబరిచే ఏ ఏర్పాటైనా గది వేడికన్నా కిందికి దించలేదు. అందుకే అంకె చూడగానే ముందు వాళ్ళ గది వేడి తీసేసి, మన గది వేడి కలపండి.

మరి గాలి ఆడే డబ్బాను అంగట్లో ఎలా గుర్తుపట్టడం? ముందు పలకను ఊడదీయమని అడిగి, దాన్ని ట్యూబ్‌లైట్‌కు ఎదురుగా పట్టుకోండి. వెలుగు జల్లెడలోంచి వచ్చినట్టు ధారాళంగా వస్తే గాలీ వస్తుంది. వెలుగు రాని గాజు పలకో, ప్లాస్టిక్ పలకో అయితే పక్కల సందులు కొలవండి. 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ నోరు దాదాపు 113 చదరపు సెంటీమీటర్లు. అలాంటివి మూడుంటే 340. పలక పక్కన సెంటీమీటరు వెడల్పు, 40 సెంటీమీటర్ల పొడవు సందు ఉంటే దాని వైశాల్యం 40 చదరపు సెంటీమీటర్లు, రెండు పక్కలా కలిపి 80. మూడు ఫ్యాన్ల నోటికి నాలుగో వంతు కూడా కాదు. అలాంటి చోట ఫ్యాన్ ఎంత తిరిగినా చప్పుడే తప్ప గాలి రాదు. ఫ్యాన్ పెట్టె మీద 55 సీఎఫ్ఎం అని రాసి ఉన్నా, అది అడ్డేమీ లేని చోట కొలిచిన అంకె. ముందు పలక, ఫిల్టర్, హార్డ్ డిస్కుల బోను అన్నీ దాటి వచ్చేసరికి అందులో ఎంత మిగులుతుందో డబ్బాను బట్టి ఉంటుంది.

మేనల్లుడు చూపించిన గాజు డబ్బాలాంటివి కొన్ని కిందినుంచీ, పక్కనుంచీ గాలి తీసుకుంటాయి. కింద ఫ్యాన్లు పెడితే, తెర మీది బొమ్మల పని చూసే గ్రాఫిక్స్ కార్డు బాగానే చల్లబడుతుంది, కాదనను. కానీ ఆ డబ్బాను మన ఇళ్ళల్లో నేల మీద పెడితే, నేల మీది దుమ్మంతా కింది ఫ్యాన్లే లాగుతాయి. బల్ల మీద పెట్టే చోటు, వారానికోసారి కింది ఫిల్టర్ తీసి కడిగే ఓపిక ఉంటే తీసుకోవచ్చు.

ఫ్యాన్లు ఎన్నని నన్నడిగితే మూడు. ముందు రెండు లోపలికి, వెనక ఒకటి బయటికి. నాలుగోది, ఐదోది కలిపినప్పుడు తగ్గే వేడి, మొదటి మూడింటితో తగ్గిన దానితో పోలిస్తే చాలా కొంచెం. అంతకన్నా ముఖ్యం, ఆ ఫ్యాన్ల వైరు ఎక్కడ తగిలిస్తారో చూడడం. కొన్ని చవక డబ్బాల ఫ్యాన్లకు నేరుగా ఎస్‌ఎంపీఎస్‌కు, అంటే లోపలి భాగాలకు కరెంటు ఇచ్చే పెట్టెకు తగిలించే పాతకాలపు పెద్ద కనెక్టరే ఉంటుంది. అవి ఎప్పుడూ ఒకే వేగంతో తిరుగుతాయి. మదర్‌బోర్డుకు తగిలించే మూడు పిన్నుల, నాలుగు పిన్నుల ఫ్యాన్లయితే వేడిని బట్టి వేగం మారుతుంది. రంగు లైట్ల సంగతికొస్తే ఒక్క జాగ్రత్త: మూడు పిన్నుల ఏఆర్‌జీబీ లైట్ల వైరు 5 వోల్టులది, నాలుగు పిన్నుల ఆర్‌జీబీ లైట్ల వైరు 12 వోల్టులది. ఐదుదాన్ని పన్నెండుకు తగిలిస్తే లైట్లు కాలిపోతాయి.

చప్పుడు రాకుండా లోపల స్పాంజి అతికించి, ముందు తలుపు మూసేసిన 'సైలెంట్' క్యాబినెట్లని కొన్ని ఉంటాయి. ఇక్కడ అవి కొనొద్దు. ఎండాకాలం మన గదిలో సీలింగ్ ఫ్యాన్ ఐదులో తిరుగుతుంటుంది, ఆ చప్పుడు ముందు కంప్యూటర్ చప్పుడు వినపడనే వినపడదు. వినపడని చప్పుడును ఆపడానికి డబ్బులిచ్చి వేడిని కొనుక్కున్నట్టవుతుంది.

ఇక దుమ్ము. దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వాన పడే జిల్లాగా అనంతపురానికి పేరు. జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి ఉరవకొండ వైపు గాలిమరలను తిప్పుతుంది. ఆ గాలే దున్నిన చేలల్లోంచి మట్టిని మన కిటికీల దాకా మోసుకొస్తుంది. తాడిపత్రి, బేతంచెర్ల వైపు బండల పాలిష్ ఫ్యాక్టరీల తెల్లపొడి. ఆదోనిలో జిన్నింగ్ మిల్లుల దగ్గర పత్తి నూగు. పొడి కన్నా నూగే చెడ్డది. పొడి కొంత లోపలికిపోయి కొంత బయటికొస్తుంది. నూగు జల్లెడ కన్నాలకు అడ్డం పడి, వచ్చిన ప్రతి పొడినీ పట్టుకుని, వారంలో ఫిల్టర్‌ను మూసేస్తుంది.

అందుకని ఫిల్టర్ ఉంటే చాలదు, గాలి ఆ ఫిల్టర్ గుండానే రావాలి. లోపలికి తోసే గాలి, బయటికి లాగే గాలికన్నా ఎక్కువుంటే డబ్బా లోపల ఒత్తిడి కొంచెం పెరిగి, ప్రతి సందులోంచీ గాలి బయటికి పోతుంటుంది. దుమ్ము రావాలంటే ఫిల్టర్ దాటే రావాలి. బయటికి లాగేది ఎక్కువైతే లోపల గాలి చాలక, వెనక కార్డులు బిగించే స్లాట్ల సందులూ, తలుపు అంచులూ, స్క్రూ కన్నాలూ, ఎక్కడ దొరికితే అక్కడినుంచి గాలిని లాక్కుంటుంది. ఆ దారుల్లో ఫిల్టర్ ఉండదు.

మీ డబ్బా ఏ తీరుదో చూడడానికి పరికరాలేవీ అక్కర్లేదు. సీలింగ్ ఫ్యాన్ ఆపి, ఒక ఊదికడ్డీ వెలిగించి, డబ్బా వెనక స్లాట్ల రేకుల దగ్గర పట్టుకోండి. పొగ సందుల్లోకి పోతుంటే డబ్బా దుమ్మును లాగుతున్నట్టు. పొగ మీ వైపు వంగితే బాగున్నట్టు. నేను నా పాత డబ్బా దగ్గర పట్టుకున్నప్పుడు పొగ దారం లాగినట్టు తిన్నగా లోపలికి పోయింది. ముందున్న ఒక్క ఫ్యాన్ ప్లాస్టిక్ పలక వెనక ఊపిరాడక తిరుగుతోంది, వెనకా పైనా రెండు ఫ్యాన్లు బయటికి లాగుతున్నాయి. పైదాన్ని ఊడదీసి ముందు బిగించి, పలకను తీసి పక్కన పెట్టేసరికి పొగ వెనక్కి తిరిగింది.

ఒక మెలిక ఉంది. ఫిల్టర్ మీద దుమ్ము పేరుకునే కొద్దీ లోపలికొచ్చే గాలి తగ్గుతుంది, బయటికిపోయేది తగ్గదు. తుంగభద్ర డ్యాంలో పూడిక చేరితే నిల్వ తగ్గినట్టే. జూన్‌లో బాగున్న డబ్బా జులైకి దుమ్ము లాగే డబ్బా అవుతుంది. కాబట్టి ఫిల్టర్‌ను తరచూ కడగాలి, తరచూ కడగాలంటే సులువుగా ఊడిరావాలి. దీన్ని అంగట్లోనే చేసి చూడండి. ముందు ఫిల్టర్ ఒంటి చేత్తో వస్తుందా? పలక లాగితే దాంతోపాటు పవర్ బటన్ వైర్లు కూడా లాక్కుని వస్తున్నాయా? వస్తుంటే నాలుగోసారికి ఏదో ఒక వైరు తెగుతుంది. ఎస్‌ఎంపీఎస్ కింది ఫిల్టర్‌ను వెనకనుంచి లాగాలంటే, గోడకు ఆనించిన డబ్బాను ప్రతిసారీ జరపాలి. జరపడం బద్ధకమై ఎవరూ కడగరు. ముందుకో పక్కకో వచ్చేది మేలు. కడిగాక నీడలో పూర్తిగా ఆరనిచ్చి బిగించండి. బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి, గిర్రున తిరగనివ్వొద్దు.

గదిలో పెట్టుకునే నీళ్ళ కూలర్ గాలి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. గదిలో కూలర్ ఉంటే వేడి నాలుగైదు డిగ్రీలైనా తగ్గి కంప్యూటర్‌కు మేలే. కానీ కూలర్‌ను డబ్బా వైపు తిప్పి పెట్టొద్దు. ఆవిరితో ఉప్పు రాదు కానీ, గాలితోపాటు ఎగిరే సన్న తుంపరలో మన బోరు నీళ్ళ ఉప్పంతా ఉంటుంది. కూలర్ గడ్డి మీద తెల్లగా పేరుకునేది అదే. అది సర్క్యూట్ మీద దుమ్ముతో కలిస్తే తడి తగిలినప్పుడల్లా కరెంటుకు దొంగదారి ఇస్తుంది.

కొలతల విషయం తేలిక. 1995లో ఇంటెల్ కంపెనీ ఏటీఎక్స్ అనే ప్రమాణం తెచ్చింది. బోర్డు ఎంతుండాలో, స్క్రూ కన్నాలు ఎక్కడుండాలో, ఎస్‌ఎంపీఎస్ ఎక్కడ బిగించాలో అందులో ఉంది. ముప్పై ఏళ్ళు దాటినా కర్నూలులో కొన్న బోర్డు కడపలో కొన్న డబ్బాలో కూర్చుంటుందంటే ఆ పుణ్యమే. పెద్ద బోర్డు 305, 244 మిల్లీమీటర్లు. మైక్రో ఏటీఎక్స్ 244, 244. మినీ ఐటీఎక్స్ 170, 170. పెద్ద డబ్బాలో చిన్న బోర్డు పడుతుంది, చిన్నదాంట్లో పెద్దది పట్టదు. కొనే ముందు ఇంకో రెండు కొలతలు రాసుకోండి: గ్రాఫిక్స్ కార్డు పొడవు, ప్రాసెసర్ కూలర్ (హీట్‌సింక్, దాని ఫ్యాన్ కలిపి) ఎత్తు. డబ్బా వివరాల్లో కార్డుకు 330 మిల్లీమీటర్లు అని రాసి ఉంటే అది చాలాసార్లు ముందు ఫ్యాన్ లేనప్పటి లెక్క. ఫ్యాన్ మందం 25, ప్రాసెసర్‌ను నీళ్ళతో చల్లబరిచే కూలర్ రేడియేటర్ కూడా పెడితే ఇంకో 27. అంటే 52 తీసేయాలి. ప్రాసెసర్ కూలర్లలో పెద్దవి 160 మిల్లీమీటర్ల ఎత్తు దాటుతాయి, సన్నటి డబ్బాల్లో తలుపు మూసుకోదు. బోర్డు వెనక వైర్లు పోవడానికి 20 మిల్లీమీటర్లకు తగ్గకుండా చోటుండాలి. లేకపోతే అవన్నీ గాలికి అడ్డంగా ముందే వేలాడతాయి.

ఇప్పుడు నాకు బాగా కోపం తెప్పించే విషయం. "క్యాబినెట్ విత్ ఎస్‌ఎంపీఎస్" అని రెండూ కలిపి ఒకే ధరకు అమ్ముతారు. పైన 450 వాట్స్ అని పెద్ద అక్షరాలుంటాయి. ఎస్‌ఎంపీఎస్ పక్కన అతికించిన పట్టీని చదవండి. అందులో 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లుందో చూసి పన్నెండుతో గుణించండి. నేను మొదట కొన్నదాంట్లో 16 ఆంపియర్లు. అంటే 192 వాట్లు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ బతికేది ఆ 12 వోల్టుల మీదే. మిగతా వాట్లు ఎవరికీ అంతగా అక్కర్లేని 5, 3.3 వోల్టుల గడుల్లో చూపించి 450 చేశారు. ఆర్‌టీఎక్స్ 3060 లాంటి కార్డు ఒక్కటే 170 వాట్లు లాగుతుంది. బిల్లింగ్ చేసుకునే కంప్యూటర్‌కు ఆ 192 సరిపోతాయేమో గానీ, కార్డు పెట్టేవాళ్ళు క్యాబినెట్ వేరుగా, 80 ప్లస్ గుర్తున్న (కరెంటును ఎక్కువ వృథా చేయదని పరీక్షించిన) ఎస్‌ఎంపీఎస్ వేరుగా కొనాలి. డబ్బు తక్కువైతే రంగు లైట్లు తగ్గించుకోండి, దీన్ని మాత్రం తగ్గించొద్దు.

దీనికి ఆనుకునే ఇంకోటి. డబ్బా వెనక స్క్రూ ముట్టుకుంటే వేలు జివ్వుమంటుందా? టెస్టర్ పెడితే వెలుగుతుందా? చాలామంది క్యాబినెట్ చెడ్డదనుకుంటారు, మార్చేస్తారు. కొత్తదీ జివ్వుమంటుంది. ఎస్‌ఎంపీఎస్ లోపల అలజడి వడపోసే చిన్న కెపాసిటర్లు ఫేజ్ నుంచీ, న్యూట్రల్ నుంచీ ఇనుప డబ్బాకు కలిసి ఉంటాయి. ఇంట్లో ఎర్తింగ్ ఉంటే అక్కడ చేరే కొద్దిపాటి కరెంటు భూమిలోకి పోతుంది. లేకపోతే డబ్బా మీద 230లో సగం, అంటే 115 వోల్టుల దాకా నిలబడుతుంది. కరెంటు చాలా కొంచెమే కాబట్టి జివ్వుమని ఊరుకుంటుంది. కానీ లోపల నిజంగా ఏదైనా షార్టయిన రోజు కాపాడడానికి ఎవరూ ఉండరు. మూడో పిన్ను లేని ఎక్స్‌టెన్షన్ బాక్సు తీసేయండి. ఎర్తింగ్ గుంటలో ఉప్పు, బొగ్గు వేసి నీళ్ళు పోయడం మన పెద్దలకు అలవాటు. ఎండిన నేలలో కరెంటు దిగదు గనుక మన సీమలో ఎండాకాలం ఆ నీళ్ళు మానకూడదు.

రేకు మందం సాధారణంగా అర మిల్లీమీటరు నుంచి 0.8 దాకా ఉంటుంది. ఎదురెదురు మూలలు పట్టుకుని కొంచెం మెలితిప్పితే సన్నరేకు డబ్బా తెలిసిపోతుంది. లోపలి అంచుల మీద జాగ్రత్తగా వేలు పెట్టి చూడండి. మడిచిన అంచు నున్నగా ఉంటుంది, మడవనిది చెయ్యి కోస్తుంది.

వెనక స్లాట్ రేకుల్ని తప్పకుండా చూడాలి. చవక డబ్బాల్లో వాటిని అటూ ఇటూ వంచి విరిచేయాలి. ఒకసారి విరిస్తే మళ్ళీ పెట్టలేం, కార్డు తీసేసిన రోజు అక్కడ నిలువు కన్నం మిగులుతుంది. నా మొదటి డబ్బాలో అలాంటి కన్నంలోంచి బల్లి పోయింది. రాత్రి వెచ్చగా ఉందని మదర్‌బోర్డు మీదికి చేరింది. పొద్దున స్విచ్ వేస్తే చిన్న వాసన, ఆ తర్వాత బోర్డు మళ్ళీ లేవలేదు. విప్పి చూస్తే ఎస్‌ఎంపీఎస్ వైరు తగిలే పిన్నుల మీద అడ్డంగా ఉంది. స్క్రూతో బిగించే రేకులు నాలుగైదు వందలు ఎక్కువైనా తీసుకోండి.

గాజు తలుపు తీసేటప్పుడు దాన్ని నేల మీద నిలబెట్టొద్దు. టెంపర్డ్ గాజు పైకి బలంగా ఉన్నా, దాని లోపలంతా బిగుతు ఉంటుంది. అంచుకు టైలు అంచో, బండ మూలో టక్కున తగిలితే పలకంతా ఒక్కసారిగా గుళ్ళుగా రాలిపోతుంది. మంచం మీద దుప్పటి పరిచి, దాని మీద పడుకోబెట్టండి.

ముందు వైపు పోర్టుల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. టైప్ సీ కావాలంటే మీ బోర్డు మీద దానికి వేరే సాకెట్ ఉందో లేదో ముందు చూడండి. లేకపోతే డబ్బా మీద కన్నం ఉన్నా పని చేయదు. హార్డ్ డిస్కులు ఎక్కువ వాడేవాళ్ళు మాత్రం ఆగి లెక్కపెట్టుకోవాలి. కడపలో పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసే మిత్రుడొకాయన పాత పెళ్ళిళ్ళన్నీ ఐదు పెద్ద డిస్కుల్లో దాచుకున్నాడు. కొత్త డబ్బా కొని ఇంటికి తెచ్చాక, దాంట్లో రెండింటికే చోటుందని చూశాడు. మిగతా మూడూ బల్ల మీద వైర్లతో వేలాడుతున్నాయి.

మేనల్లుడు చివరికి తీసుకున్నది ముందంతా జల్లెడ ఉన్న నల్ల డబ్బా. ఒక పక్క మాత్రమే గాజు. ముందు 140 మిల్లీమీటర్ల ఫ్యాన్లు రెండు, వెనక 120ది ఒకటి. రంగు లైట్లు ఒక ఫ్యాన్‌కే ఉన్నాయి, దానికి వాడు సరేనన్నాడు. నేల మీద కాకుండా చిన్న స్టూలు మీద పెట్టించాను. ఇంటికి తెచ్చిన సాయంత్రమే ఊదికడ్డీ వెలిగించి వెనక పట్టుకున్నాం. పొగ మా వైపే వచ్చింది.

మే వచ్చింది. మిద్దె గది 39 డిగ్రీలున్నప్పుడు మధ్యాహ్నం గంటసేపు వాడు ఆట ఆడితే ప్రాసెసర్ 83 దాటలేదు. ఆ తర్వాత గాలికాలం మొదలైంది. మొన్న ఆదివారం ముందు ఫిల్టర్ ఊడదీసి బకెట్లో ముంచాడు. నీళ్ళు ఎర్రగా మారిపోయాయి. పక్క తలుపు తీసి టార్చి వేసి చూశాం. హీట్‌సింక్ రెక్కలు కొన్ననాటిలాగే మెరుస్తున్నాయి.